ఇరవై అయిదో దర్రీ మీ లాభాన్ని సగం చేస్తోంది

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మాకు చిన్న దర్రీల (నేల మీద పరిచే నేత తివాచీల) వ్యాపారం ఉంది. నేత కార్మికుల దగ్గర కొని, వూకామర్స్ (ఆన్‌లైన్ దుకాణం నడిపే సాఫ్ట్‌వేర్)తో పెట్టుకున్న సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. 4×6 అడుగుల దర్రీ జీఎస్టీ కాకుండా 1,200 రూపాయలు. అందులో నేతన్నకు 780, ప్యాకింగ్‌కు 40, కొరియర్‌కు 130 పోతాయి. ఆన్‌లైన్ చెల్లింపు రుసుము 2 శాతం. ఈమధ్య హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల వాళ్లు ‘ఎక్కువ తీసుకుంటే రేటెంత?’ అని అడుగుతున్నారు. 10 తీసుకుంటే 10 శాతం, 25 తీసుకుంటే 20 శాతం తగ్గిద్దామని మావారు అంటున్నారు. పది పైన అయితే పార్సిల్ లారీలో వేస్తాం కాబట్టి ప్యాకింగ్, కిరాయి కలిపి ఒక్కోదానికి 65లో అయిపోతుంది. సైట్‌లో ఈ రేట్లు పెట్టెయ్యమంటారా సార్?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎక్కువ కొన్నవాళ్లకు రేటు తగ్గించండి, తప్పులేదు. ఈ శ్లాబులు మాత్రం వద్దమ్మా.

మీవారి లెక్క ప్రకారం 24 దర్రీలు కొన్న హోటల్ 1,080 చొప్పున 25,920 కడుతుంది. 25 కొన్న హోటల్ 960 చొప్పున 24,000 కడుతుంది. ఒక దర్రీ ఎక్కువ పట్టుకుపోయి 1,920 తక్కువ ఇస్తుందన్నమాట. 23 చాలనుకున్న గిరాకీ కూడా 25 కొట్టి, రెండు అటక మీద పడేసుకుంటాడు. వాడి తప్పేం లేదు, రేటు పట్టికే అలా చెప్తోంది.

ఇప్పుడు మీ గల్లా వైపు నుంచి చూడండి. దర్రీకి 780, రవాణాకు 65, అంటే ఒక్కోదానికి 845 ఖర్చు. 24 అమ్మితే చెల్లింపు రుసుము పోను మీకు మిగిలేది 5,122. 25 అమ్మితే 2,395. పెద్ద ఆర్డరు వచ్చిందని ఇంట్లో సంబరపడే రోజున మీ చేతికి సగం కూడా రాదు.

అసలు తగ్గింపు ఎక్కడి నుంచి ఇవ్వాలి? సరుకు ఎక్కువ పోయినందువల్ల మీకు నిజంగా మిగిలే డబ్బులోంచి. ఒక్క దర్రీ పంపితే ప్యాకింగ్, కొరియర్ కలిపి 170. లారీలో వేస్తే 65. మిగులు 105 రూపాయలు, అంటే ధరలో తొమ్మిది శాతం లోపే. మీవారు ఇస్తానంటున్నది 240. మిగతా 135 మీ సొంత లాభంలోంచి పోతోంది. ఒక దర్రీ మీద మీకు మిగులుతున్నదే 226.

ఫ్యాక్టరీ వాళ్లు 20 శాతం ఇస్తున్నారు కదా అంటారేమో. మిషన్ మీద వెయ్యో ముక్క మొదటి ముక్క కన్నా చౌకగా దిగుతుంది. మగ్గం సంగతి అది కాదు. 25 దర్రీల ఆర్డరు వచ్చిందని కొత్తవాడ నేతన్నకు ఒక్కో దర్రీ మీద పట్టే పొద్దు తగ్గదు, ఆ 780 తగ్గదు. తగ్గించమని అడగొద్దు కూడా. రేటు దగ్గర పానిపట్ మిషన్ సరుకుతో పోటీ పడితే మీరు గెలవరు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాట మీ సైట్‌లో రేటు పట్టిక కన్నా పైన కనపడాలి.

శ్లాబు పెట్టేటప్పుడు ఒక్క లెక్క గుర్తుంచుకోండి. పాత రేటును కొత్త శ్లాబు మొదలయ్యే సంఖ్యతో భాగించండి. తగ్గింపు అంతకన్నా తక్కువే ఉండాలి. 1,200ను 10తో భాగిస్తే 120. కాబట్టి పది దగ్గర 70 తగ్గించి 1,130 చేయొచ్చు. 1,130ను 25తో భాగిస్తే 45. అక్కడ 40 తగ్గించి 1,090 పెట్టండి. ఇప్పుడు 24కు 27,120, 25కు 27,250. తలకిందుల బేరం పోయింది. 25 ఆర్డరు మీద మీకు 5,580 మిగులుతుంది.

ఇంకో పద్ధతి ఉంది: మొదటి తొమ్మిదికి 1,200, తర్వాతి పదిహేనుకు 1,130, ఆపైన ఎన్ని తీసుకున్నా వాటికి మాత్రమే తక్కువ రేటు. కరెంటు బిల్లు స్లాబుల లాగా. మీకు ఇందులోనే ఎక్కువ మిగులుతుంది, ఈ తలనొప్పే రాదు. కానీ ఫోన్‌లో ‘పాతికకు రేటెంతమ్మా?’ అని అడిగే హోటల్ మేనేజరుకు వివరించడం కష్టం. నా ఓటు మొదటిదానికే.

వూకామర్స్‌లో సంఖ్యను బట్టి ధర మార్చే పట్టిక దానంతట అది రాదు, ప్లగిన్ (అదనంగా జోడించే చిన్న సాఫ్ట్‌వేర్) వేసుకోవాలి. కొనేముందు చూడాల్సింది దాని అందం కాదు, అది ముక్కలను ఎలా లెక్కపెడుతుందో. ఎరుపు ఆరు, నీలం ఆరు తీసుకుంటే పన్నెండుగా లెక్కేస్తుందా, ఆరు ఆరుగానా? రంగులైతే కలిపే లెక్కేయాలి. సైజులను మాత్రం కలపొద్దు. కలిపితే చిన్న ఆసనాలు తొమ్మిది, పెద్ద దర్రీ ఒకటి బుట్టలో వేసి పెద్దదాని మీద తగ్గింపు కొట్టేస్తారు. బతుకమ్మ, దసరాకు మీరిచ్చే కూపన్ దీని మీద మళ్లీ పడకుండా సెట్టింగ్ చూడండి. వూకామర్స్‌లో కూపన్‌ను ఒంటరిగా వాడేలా పెట్టే ఆప్షన్ ఉంది కానీ అది వేరే కూపన్లనే ఆపుతుంది, ప్లగిన్ తగ్గింపును కాదు. ధరలు జీఎస్టీ కలిపి నింపారా, విడిగానా అన్నదీ ఒకసారి సరిచూసుకోండి. తగ్గింపు బిల్లులోనే కనపడాలి. అప్పుడు తగ్గిన ధర మీదే పన్ను పడుతుంది. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం) మర్చిపోకండి.

వాపసు షరతు కూడా రాయండి. పది తీసుకుని ఎనిమిది తిప్పి పంపితే, ఉంచుకున్న రెండింటికి 1,200 చొప్పున లెక్కగట్టి మిగతాదే తిరిగి ఇస్తామని.

నాకు శ్లాబుల కన్నా ఎక్కువ రంధి ఉద్దెర గురించి. 25 రేటు ఇచ్చాక ‘రెండు నెలల్లో ఇస్తాం’ అంటారు. మీరు నేతన్నకు చేతిలో పెట్టే డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందైతే, 25 దర్రీలకు ఇచ్చే 19,500 మీద రెండు నెలలకు 780. ఒక దర్రీ ఊరికే ఇచ్చినట్టే. అందుకే 1,090 రేటు ముందే డబ్బు కట్టేవాళ్లకని సైట్‌లో రాయండి. అప్పు అడిగేవాళ్లకు 1,130 చెప్పండి. అదీ కనీసం సగం అడ్వాన్సు తీసుకున్నాకే మగ్గం ఎక్కించండి.

ఇవన్నీ పెట్టాక మీ ఫోన్‌లోంచే 9, 10, 24, 25 చొప్పున బుట్టలో వేసి చూడండి. ఒకసారి రంగులు కలిపి, ఒకసారి కూపన్‌తో. నాలుగు మొత్తాలూ పైన చెప్పిన లెక్కతో కలిస్తేనే పట్టికను జనానికి చూపించండి.