తెల్ల బంతికి గీతలు

ప్రశ్న: ఒంగోలులో స్నూకర్ పార్లర్ నడుపుతున్నాను. తెల్ల బంతి మీద గీతలు పడ్డాయి. ఉప్పుకాగితంతో రుద్దొచ్చా?

జవాబు: ముట్టుకోవద్దు నాయనా! నెల్లూరు క్లబ్బులో ముప్పై ఏళ్లు మార్కరుగా, అంటే స్నూకర్ బల్ల చూసుకుంటూ స్కోరు వేసేవాడిగా చేశాను. కుర్రతనంలో అదే పని చేసి సెక్రటరీగారి దగ్గర చీవాట్లు తిన్నాను. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మి.మీ. ఉండాలి. ఒక పక్క అరిగిందా, ఇక తిన్నగా దొర్లదు. సన్నగీతలకు ప్లాస్టిక్ పాలిష్ మెత్తటి గుడ్డతో పట్టించండి. గోరు తట్టుకునే గాటైతే బంతి మార్చడమే.

అసలు దొంగ, ఆడే కర్ర కొనకు రుద్దే చాక్‌పొడి. దాన్లో గరుకు ఉంటుంది. బల్లమీది పచ్చగుడ్డలో కూరుకుని, బంతి దొర్లినప్పుడల్లా గీరుతుంది. రోజూ బ్రష్ కొట్టించండి, బంతులు తుడిపించండి. ఎండాకాలం రోడ్డువైపు తలుపు మూసే ఉంచండి, ఆ దుమ్మూ తక్కువది కాదు. గిన్నెలు తోమే పీచు మాత్రం బంతుల దరిదాపుల్లోకి రానివ్వకండి.