క్యాన్ నీటిలో చేపలకు ఖనిజాలు ఎలా?

ప్రశ్న: మాది అనంతపురం. అరవై లీటర్ల అక్వేరియంలో గప్పీలు, మోలీలు పెంచుతున్నాము. బోరు నీటి వల్ల గాజు మీద తెల్లటి చారలు కడుతున్నాయని గత నెల ఆ నీళ్లన్నీ తీసివేసి క్యాన్ నీళ్లు నింపాము. వారం తిరక్కముందే రెండు మోలీలు రెక్కలు ముడుచుకుని, ఉన్నచోటే ఊగుతూ ఊగుతూ చనిపోయాయి. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు బోరు నీటికి 1100, క్యాన్ నీటికి 40 చూపిస్తోంది. గుప్పెడు రాళ్ల ఉప్పు వేస్తే ఖనిజాలు సరిపోతాయని దుకాణంలో చెప్పారు. వేయవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మోలీలు ఉప్పును బాగానే తట్టుకుంటాయి గానీ, ఈ లోటు ఉప్పుతో తీరేది కాదు. రాళ్ల ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. మీ చేపలకు కావలసినవి కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్. క్యాన్ నీటిని వడపోసే ఆర్వో పొర వీటిలో అధిక భాగాన్ని ఆపేస్తుంది కనుక, మనం ‘మినరల్ వాటర్’ అని పిలుచుకునే క్యాన్ నీటిలో నిజానికి మినరల్సే తక్కువ. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను బాక్టీరియా నైట్రేటుగా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. దాన్ని విరిచే బైకార్బనేట్ లేని నీటిలో పీహెచ్ ఒక్కసారిగా పడిపోవచ్చు. దీనికి తోడు, 1100 నుంచి 40కి ఒక్కరోజులో మారడం ఏ చేపకైనా గట్టి దెబ్బే.

మీరు ఖనిజాలు కొనవలసిన అవసరం లేదనే నా అభిప్రాయం. అవి మీ బోరులోనే ఉన్నాయి. 5 లీటర్ల బోరు నీటికి 10 లీటర్ల క్యాన్ నీళ్లు కలిపితే టీడీఎస్ సుమారు 390 వస్తుంది. వారానికి ఒకసారి తొట్టిలో ఒక బకెట్ నీళ్లు తీసి, ఈ మిశ్రమాన్ని పోస్తూ నెల రోజుల్లో నెమ్మదిగా మార్చండి. అయితే టీడీఎస్‌లో సోడియం కూడా కలిసే ఉంటుంది కనుక, అసలు కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియంల పాలు, ఎంతో చుక్కల కిట్‌తో ఒకసారి చూసుకోవాలి. గప్పీలకు, మోలీలకు పది డిగ్రీల ప్రాంతంలో ఉంటే బాగుంటుంది. ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్‌తో సమానం.

బోరు నీళ్లు వద్దనుకుంటే, 20 లీటర్ల క్యాన్‌కు కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 3.7 గ్రాములు, ఎప్సం సాల్ట్, అంటే భేది ఉప్పు, 2.6 గ్రాములు, వంట సోడా 3 గ్రాములు చొప్పున కలిపితే కాఠిన్యం పది డిగ్రీలకు, బైకార్బనేట్ ఐదు డిగ్రీలకు చేరుతుంది. చెంచా కొలతలు కాకుండా నగల తూకం లాంటి చిన్న కాటా వాడండి. కాల్షియం క్లోరైడ్‌నూ వంట సోడానూ ఒకే గ్లాసులో కరిగించవద్దు. రెండూ కలిసి సున్నం నీళ్లలా తెల్లబడి అడుగున పేరుకుంటాయి. ఒక్కొక్కదాన్ని విడిగా కరిగించి, బకెట్ నీటిలో ఒకదాని తరువాత ఒకటి కలపాలి. వేరుశనగ చేలకు వేసే జిప్సంలోనూ కాల్షియం ఉన్నమాట నిజమే, కానీ ఎరువుగా అమ్మే సరుకులో మట్టి, ఇతర మలినాలు ఉంటాయి కనుక దాని జోలికి వెళ్లవద్దు.

ఎండాకాలంలో మన ఊళ్లో తొట్టి మట్టం చూస్తుండగానే తగ్గిపోతుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఖనిజాలు తొట్టిలోనే మిగులుతాయి, గాజు మీది చారలు కూడా అలా మిగిలినవే. కాబట్టి తగ్గిన మట్టాన్ని ఉత్త క్యాన్ నీళ్లతోనే నింపాలి. ఖనిజాలు కలిపిన నీరు, తీసివేసిన నీటికి బదులుగా మాత్రమే పోయాలి. చారలను వెనిగర్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే పోతాయి.

ప్రశ్న: ఆర్వో నీటి తొట్టిలో కడప బండ ముక్క వేస్తే చాలదా? – ఒక పాఠకుడు, కడప

జవాబు: కడప బండ సున్నపురాయే కనుక, కాస్త ఆమ్లత ఉన్న మెత్తని నీటిలో కొద్దికొద్దిగా కరిగి కాల్షియాన్నీ బైకార్బనేట్‌నూ ఇస్తుంది. ఎంత కరగాలో మాత్రం మన చేతిలో ఉండదు. గప్పీల తొట్టిలో తోడుగా ఉంచుకోవచ్చు. మెత్తని నీటిని కోరే నియాన్ టెట్రాలు, డిస్కస్‌లు ఉంటే వేయవద్దు. పాలిష్ చేసిన బండకు నూనె, మైనం పట్టి ఉండవచ్చు కనుక గరుకు ముక్కనే ఎంచుకుని, ముందు కొంచెం గీరి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి. బుడగలు వస్తే అది కరిగే రాయే.