సొంతంగా కట్టించిన నకలు కారుకు రిజిస్ట్రేషన్, బీమా దొరుకుతాయా?

పర్లాకిమిడి నుంచి అడిగారు: పాత జీపు చాసిస్ మీద 1930ల నాటి కారును పోలిన బాడీ కట్టిస్తే రోడ్డెక్కించవచ్చా, ఒడిశాలో కుదరకపోతే పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నంలో రిజిస్టర్ చేయించవచ్చా అని.

సరిహద్దు దాటినా లాభం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం రెండు రాష్ట్రాలకూ ఒక్కటే. పైగా మీ నివాసమో వ్యాపారమో ఉండి, బండి మామూలుగా ఉండే రాష్ట్రంలోనే నమోదు చేయించాలి. బంధువుల చిరునామా ఇచ్చే ఆలోచన దయచేసి మానుకోండి.

అసలు చిక్కు ఆ చట్టంలోని 52వ సెక్షన్‌తోనే. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. అతిక్రమిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కొత్త నమూనాగా ఆమోదం కావాలంటే వాహనాలను పరీక్షించి ధ్రువీకరించే, పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థ పరీక్షలు నెగ్గాలి. ఒక్క కారు కోసం ఆ భారం మోయడం దాదాపు అసాధ్యం. వింటేజ్ నమోదు 50 ఏళ్లు దాటిన అసలు బండ్లకే.

బీమా ఆర్‌సీ వెంటే నడుస్తుంది. తనిఖీలో చాసిస్ నంబరు మీద కాగితం అంటించి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. వెల్డింగ్‌లో ఒక్క అంకె చెరిగినా అక్కడే ఆగిపోతుంది. మార్పులు దాచి పాలసీ తీసుకుంటే మీ నష్టానికి పరిహారం రాకపోవచ్చు. నా ఆందోళన మాత్రం మీ బండి తగిలి గాయపడే మనిషి గురించే. థర్డ్ పార్టీ బీమాను చట్టం తప్పనిసరి చేసింది ఆ మనిషి కోసమే.

ఇనుము కోయకముందే మీ ఆర్టీఓకు రాతపూర్వకంగా దరఖాస్తు చేసి అడగండి.