వాగు దాటాక ఆయిల్ తెల్లబడితే

ప్రశ్న: పాత మారుతి జిప్సీ జీపు మాది. వాగు దాటిన ప్రతిసారీ వెనక డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్ పాలలా తెల్లగా మారుతోంది. ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు కొత్తవే వేయించాం. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, ములుగు

జవాబు: ఆయిల్ తెల్లబడిందంటే అందులో నీళ్లు కలిసినట్టే. సీళ్ల కన్నా ముందు యాక్సిల్ (ఇరుసు) మీది బ్రీదర్, అంటే లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రపు మూత, చూడాల్సింది. అది మట్టితో పూడుకుపోతే, వేడెక్కిన హౌసింగ్ (యాక్సిల్ పైతొడుగు) నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ల అంచుల నుంచే నీటిని లాగేస్తుంది. కొత్త సీలైనా ఆపలేదు.

బ్రీదర్ తీసేసి ఆ చోట నిపుల్ (గొట్టం తొడిగే చిన్న ముక్క) బిగించి, దానికి తొడిగిన ఫ్యూయల్ హోస్‌ను (ఇంధన గొట్టాన్ని) బానెట్ ఎత్తుకు తీసుకెళ్లండి. యాక్సిల్ కిందికి జారినప్పుడు తెగకుండా కాస్త వదులుంచాలి. పై చివర కిందికి వంచి చిన్న ఫిల్టర్ పెట్టండి.

ఆయిల్ మార్చేటప్పుడు ముందు ఫిల్లర్ ప్లగ్గే (ఆయిల్ పోసే రంధ్రం బిరడా) విప్పండి. ఖాళీ చేశాక అది పట్టేసి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. జీఎల్-5 రకం గేర్ ఆయిల్ ఫిల్లర్ రంధ్రం అంచు దాకా పోయండి. కొంతదూరం నడిపాక మళ్లీ తెల్లబడితే ఇంకోసారి మార్చండి. చక్రాల మధ్యనుండే హబ్ బేరింగ్ల గ్రీజు కూడా తప్పకుండా చూడండి, నీళ్లు అక్కడికీ చేరతాయి.