అన్న అమెరికా పౌరుడు, తమ్ముడు దుబాయ్‌లో: హన్మకొండ ఇంటి కిరాయికి ట్యాక్స్ ఎవరు, ఎక్కడ కట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: అన్నకు అమెరికా పౌరసత్వం వచ్చింది, తమ్ముడు ఈ మధ్యే దుబాయ్ పోయాడు, అన్న పేరు మీదున్న హన్మకొండ ఇంటికి నెలకు 20,000 కిరాయి వస్తుంది. ఎవరు ఎక్కడ ట్యాక్స్ కట్టాలి? మన దేశం ముఖ్యంగా రోజులు లెక్కబెడుతుంది, అమెరికా మాత్రం పౌరుడు ఎక్కడున్నా వదలదు. మీ ఇంట్లో రెండు లెక్కలూ పడ్డాయి.

ముందు తమ్ముడి సంగతి. ఉద్యోగం కోసం విదేశం వెళ్లే భారత పౌరుడు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపల ఇక్కడ 182 రోజులు ఉంటే రెసిడెంట్ (విదేశీ సంపాదనకు కూడా ఇక్కడ లెక్క చెప్పాల్సినవాడు), 181తో ఆగితే ఎన్నారై. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 28 వరకు లెక్కపెడితే సరిగ్గా 181. వెళ్లిన రోజును కూడా ఇక్కడే ఉన్నట్టు పట్టుకోవడం క్షేమం. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ వైపు నుంచి పోయేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. టికెట్ తీసినప్పుడు '28 రాత్రి విమానం' అనుకుంటారు. అది లేచేది తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో. సాయంత్రమే ఊర్లో బండి మాట్లాడుకుని, పది గంటలకల్లా శంషాబాద్ చేరి, సాగనంప వచ్చినవాళ్లతో బయట కూర్చుని, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరికి పోయేసరికి పన్నెండు దాటుతుంది. పాస్‌పోర్టు మీద 29 ముద్ర పడుతుంది. 182 నిండాయి. ఆ గంట ఆలస్యంతో అక్టోబర్ నుంచి మార్చి దాకా వచ్చే దుబాయ్ జీతం మొత్తం ఇక్కడి ఆదాయంలో కలుస్తుంది. దుబాయ్‌లో జీతం మీద ట్యాక్స్ లేదు కాబట్టి అక్కడ కట్టింది ఇక్కడ తగ్గించుకునే దారి కూడా లేదు. ఆగస్టులో పోయినా సరే, ఫిబ్రవరిలో పెళ్లికని వచ్చి నెల రోజులు ఉంటే ఆ రోజులు కూడా అదే లెక్కలో పడతాయి.

చిన్న జీతాలవాళ్లు మాత్రం దీనికి భయపడనక్కర లేదు. రెసిడెంట్ అయితే కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా అవుతుంది. కానీ ఐటీఆర్-2 (విదేశీ ఖాతాలు చూపించే వీలున్న రిటర్న్ ఫారం) వేసి, అక్కడి బ్యాంకు ఖాతా చూపించాలి. ఐటీఆర్-1 వేసి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఎన్నారై అయ్యాక దుబాయ్ జీతం మీద ఇక్కడ పన్ను లేదు. 2020 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో, ఏ దేశంలోనూ పన్ను పరిధిలోకి రాని భారత పౌరుణ్ని రెసిడెంట్‌గా లెక్కిస్తామనగానే గల్ఫ్‌లో కలవరం లేచింది. అక్కడి జీతానికి పన్ను వేయడం మా ఉద్దేశం కాదని మర్నాడే ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రకటన ఇచ్చింది. ఆ నిబంధన ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకే. వాళ్లకైనా విదేశీ జీతం మినహాయింపులోనే ఉంటుంది. ఇన్నేళ్లయినా 'గల్ఫ్ జీతానికి ట్యాక్స్ వచ్చిందంట' అని వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించేవాళ్లను ఇట్ల బెదిరించడం అన్యాయం. ఒక్క జాగ్రత్త చాలు: జీతం ముందు అక్కడి ఖాతాలో పడాలి, తర్వాత ఇంటికి పంపాలి. కంపెనీ నేరుగా ఇక్కడి ఖాతాలో వేస్తే 'భారత్‌లో అందిన ఆదాయం' అని వాదన మొదలవుతుంది. అమ్మకు పంపిన పైసలు మాత్రం ఆమెకు ఆదాయం కాదు, దగ్గరి బంధువు ఇచ్చినదానికి పన్ను లేదు.

పదేళ్లకు పైగా ఉండి వీసా క్యాన్సిల్ చేసుకుని వచ్చేసేవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. ముందరి పదేళ్లలో తొమ్మిదేళ్లు ఎన్నారైగా ఉన్నా, ముందరి ఏడేళ్లలో ఇక్కడ 729 రోజులకు మించకపోయినా ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే కానీ పూర్తి స్థాయి కాదు) హోదా వస్తుంది. మామూలుగా రెండేళ్లు ఉంటుంది. ఆ కాలంలో అక్కడి డిపాజిట్ వడ్డీలాంటి విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను ఉండదు.

ఇక అన్న. కిరాయి వచ్చేది హన్మకొండ ఇంటి మీద కాబట్టి మొదటి హక్కు మన దేశానిదే, ఆయన పాస్‌పోర్టు ఏదైనా సరే. ఇంటి యజమాని ఎన్నారై అయితే కిరాయిదారు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, అంటే 31.2 శాతం టీడీఎస్ (కిరాయిలో ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టాలి. 20,000లో 6,240. దీనికి కనీస పరిమితి అంటూ లేదు. టాన్ నంబర్ (టీడీఎస్ కట్టేవాళ్ల గుర్తింపు సంఖ్య) తీసుకుని మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్న్ వేయాలంటే చిన్న ఉద్యోగం చేసుకునే కిరాయిదారుకు ఎంత నరకమో ఆలోచించండి. ఈ భారం అతని మీద పెట్టడం సరికాదని గట్టిగా అంటాను. కానీ చట్టం అదే.

ఏడాదికి 74,880 కట్ అవుతుంది. అసలు పన్ను ఎంత? కిరాయి 2,40,000లో ఇంటి ఖర్చులకని చట్టం ఇచ్చే 30 శాతం తగ్గింపు తీసేస్తే 1,68,000. ఇక్కడ వేరే ఆదాయం లేకుంటే కొత్త విధానంలో పన్ను లేని 4 లక్షల పరిమితి లోపలే కాబట్టి సున్నా. 12 లక్షల రిబేటు ఎన్నారైకి లేదు, 4 లక్షల పరిమితి మాత్రం ఉంది. రిటర్న్ వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది. చాలామంది 'ఇండియాలో కట్టాం కదా, అమెరికాలో తగ్గించుకుందాం' అని ఇక్కడ రిటర్న్ వేయరు. వెనక్కి వచ్చే వీలున్న పన్నుకు అమెరికా క్రెడిట్ ఇవ్వదు. పైగా అక్కడి లెక్క జనవరి నుంచి డిసెంబర్, ఇక్కడిది ఏప్రిల్ నుంచి మార్చి. కిరాయి నెలవారీగా రాసిపెట్టుకోకపోతే రెండుచోట్లా తప్పుతుంది.

అమెరికాలో ఈ కిరాయిని ఆయన తన రిటర్న్‌లో చూపించాల్సిందే. రేపు ఉద్యోగం మానేసి హన్మకొండలో స్థిరపడినా, పౌరసత్వం ఉన్నంతకాలం అక్కడ రిటర్న్ వేసే బాధ్యత పోదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన దేశం ఇచ్చేది) దీన్ని మార్చదు, అది ద్వంద్వ పౌరసత్వం కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది జాయింట్ ఖాతాల అలవాటు. కొడుకు అమెరికాలో ఉంటాడు, ఇక్కడ అమ్మ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 'ఎందుకైనా మంచిది' అని అతని పేరు రెండోది పెడతారు. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (బయటి ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) దాఖలు చేయాలి. అమ్మ డబ్బే అయినా జాయింట్ ఖాతాలోని మొత్తం నిల్వ లెక్కలోకి వస్తుంది. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. పన్ను కట్టాల్సింది లేకున్నా, దాఖలు చేయకపోతే జరిమానా వేలల్లో, అదీ డాలర్లలో. డబ్బు అమ్మదే అయితే అన్న పేరు తీసేయించి నామినీగా పెట్టించండి. ఆయన పాత సేవింగ్స్ ఖాతా ఇంకా మామూలుగానే ఉంటే దాన్ని ఎన్ఆర్‌ఓగా (ఎన్నారైల ఇక్కడి ఆదాయం కోసం ఉండే ఖాతాగా) మార్పించి, కిరాయి అందులో పడేలా చూడండి. తమ్ముడి ఖాతాకూ అదే పని చేయించండి.