నాన్నని చంపాక కైలో రెన్ బలం ఎక్కడికి పోయింది?

ప్రశ్న: స్టార్ వార్స్ ప్రధాన కథలో చివరి మూడు సినిమాలు వరసపెట్టి మళ్లీ చూశాం. మా ఫ్రెండ్స్ దగ్గర ఒక థియరీ నడుస్తోంది. కైలో రెన్ వాళ్ల నాన్న హాన్ సోలోని చంపిన క్షణం నుంచే అతని పవర్ తగ్గిపోయిందని, అంటే లోపల మంచివాడిగా మారడం అక్కడే స్టార్ట్ అయిందని, అందుకే రే చేతిలో ఓడిపోయాడని. మొదటి సినిమా మొదట్లో తన మీదకొచ్చే బ్లాస్టర్ తుపాకీ షాట్‌ని గాల్లోనే ఆపేసినవాడు చివరికి ఒక కొత్త పిల్ల చేతిలో ఓడిపోవడం ఏంటండీ? ఇది నిజంగా కథలో ఉందా, మేమే ఊహించుకుంటున్నామా?

జవాబు: సగం కథలో ఉంది, సగం మీవాళ్లు కలిపారు. ముందు ఉన్న సగం చెప్తా. 2017లో వచ్చిన రెండో సినిమా ద లాస్ట్ జెడైలో కైలోకి గురువూ నాయకుడూ అయిన స్నోక్ అతన్ని పిలిపించి తిట్టే సీన్ ఉంది కదా, నాన్నని చంపిన ఆ పని నిన్ను లోపల నిలువునా చీల్చేసింది, బ్యాలెన్స్ తప్పావు, లైట్‌సేబర్, అంటే కాంతి కత్తి, పట్టుకోవడం రాని పిల్ల చేతిలో ఓడావు అని మొహం మీదే అంటాడు, ఆ కోపంలోనే కైలో లిఫ్ట్‌లో తన హెల్మెట్ గోడకేసి ముక్కలు చేస్తాడు. 2015లో వచ్చిన మొదటి సినిమా ద ఫోర్స్ అవేకెన్స్‌కి ఆలన్ డీన్ ఫాస్టర్ రాసిన నవలలో ఇంకా సూటిగా ఉంటుంది, చంపితే బలం వస్తుందనుకున్నవాడికి చంపాక ఉన్న బలం కూడా జారిపోయిందని. కాబట్టి బలహీనపడ్డాడు అనేంతవరకు అది థియరీ కూడా కాదు, వాళ్లు రాసి పెట్టిందే.

కానీ ఓడిపోవడానికి అదొక్కటే కారణం అంటే పాపం హాన్ జతగాడు చ్యూబాకాకి అన్యాయం చేసినట్టే. కైలో పొడిచిన హాన్ వంతెన మీద నుంచి పడిపోగానే చ్యూబాకా తన విల్లులాంటి తుపాకీ బౌకాస్టర్‌తో కొట్టిన షాట్ కైలో పక్కలో దిగుతుంది. ఆ ఆయుధం దెబ్బ ఎలా ఉంటుందో అంతకుముందే చూపించారు, హాన్ అడిగి తీసుకుని పేల్చి భలే ఉందే అని ముచ్చటపడతాడు, తగిలిన సైనికులు ఎగిరి అవతల పడతారు. అలాంటి దెబ్బ తిని మంచులో రక్తం కారుతుంటే ఆ గాయం మీద తనే పిడికిలితో గుద్దుకుంటూ నిలబడతాడు, నొప్పిని కోపంగా మార్చుకుందామని. ఫోర్స్ అనే అతీత శక్తిలోని చెడు వైపు, డార్క్ సైడ్‌కి పెట్రోలు అదే మరి. తర్వాత రే స్నేహితుడు ఫిన్ కూడా భుజం మీద ఒకటి తగిలిస్తాడు. ఇంతా అయ్యాక రేని కొండ అంచుకి నెట్టి, చంపకుండా, నీకు గురువు కావాలి నేను నేర్పిస్తా అని బేరం పెడతాడు, ఆ గ్యాప్‌లోనే రే కళ్లు మూసుకుని ఫోర్స్ అందుకుంటుంది. చంపాలనుకుంటే ఆ ఫైట్ అంతసేపు నడిచేది కాదని నా అభిప్రాయం.

ఇంక మీవాళ్లు కలిపిన సగం. తగ్గిపోయాడు కాబట్టి మారడం మొదలైంది అంటున్నారు చూడండి, అక్కడ నేను ఒప్పుకోను. ఎందుకంటే అతను చేసిన పెద్ద తప్పులు కొన్ని ఆ తర్వాతే ఉన్నాయి. అవును, లాస్ట్ జెడైలో అమ్మ లేయా ఉన్న ఓడ మీద గురిపెట్టి బటన్ నొక్కలేకపోతాడు, పక్కన వచ్చిన పైలట్లు పేలుస్తారు, అంతవరకు మీ థియరీకి సపోర్టే. కానీ స్నోక్‌ని రెండు ముక్కలు చేశాక ఏం చేశాడు, ఇంటికెళ్లాడా? కుర్చీ తనే ఎక్కాడు. రే వైపు చెయ్యి చాపింది కూడా ఇద్దరం కలిసి ఏలదాం రా అనే. చివర్లో ఒక్క మనిషి, మేనమామ ల్యూక్, ఎదురుగా నిలబడితే ఉన్న ఫిరంగులన్నీ పేల్చమంటాడు, ఆపమన్నా ఆపడు. ఇందులో పశ్చాత్తాపం ఎక్కడుంది?

నాకు అసలు క్లూ వేరేచోట కనిపిస్తుంది. వంతెన మీద నాన్నతో ఏమంటాడంటే, ఏం చెయ్యాలో తెలుసు గానీ చేసే బలం ఉందో లేదో తెలీట్లేదు, సాయం చేస్తావా అని. ఏదైనా చేస్తా అంటాడు హాన్. సరిగ్గా అప్పుడే బయట సూర్యుడి వెలుతురు మొత్తం విలన్ల దగ్గరున్న, సూర్యుణ్ణి పీల్చుకునే ఆయుధంలోకి పోయి ఆరిపోతుంది, కైలో మొహం మీద ఎర్రటి కాంతి మిగులుతుంది, పొడిచేస్తాడు. ఇప్పుడు 2019లో వచ్చిన ద రైజ్ ఆఫ్ స్కైవాకర్‌కి రండి. రే పొడిచిన గాయాన్ని రేనే మాన్పి వెళ్లిపోయింది, అమ్మ పోయింది, సముద్రం పక్కన ఒక్కడే ఉన్నాడు, నాన్న జ్ఞాపకంగా కనిపిస్తాడు. మళ్లీ అదే మాట. బలం ఉందో లేదో తెలీట్లేదు అని. మొదటిసారి ఆ బలం చంపడానికి అడిగాడు, రెండోసారి చేతిలో ఉన్నది వదిలెయ్యడానికి. లైట్‌సేబర్ సముద్రంలోకి విసిరేస్తాడు. నన్నడిగితే మార్పు ఇక్కడుంది, మంచులో ఓడిపోయిన చోట కాదు. ఆ ఓటమి వల్ల అతను ఇంకా గట్టిగా బలం వెంట పడ్డాడు, అంతే.

ఇంకో సంగతి, ఇదంతా ముందే ప్లాన్ చేశారు అని మాత్రం మీవాళ్లతో అనకండి. మొదటిదీ మూడోదీ జె.జె. అబ్రామ్స్, మధ్యది రియాన్ జాన్సన్. మూడోదానికి ముందు అనుకున్న డైరెక్టర్ కాలిన్ ట్రెవారో 2017లో తప్పుకున్నాడు. లేయాగా చేసిన క్యారీ ఫిషర్ 2016 డిసెంబర్‌లో చనిపోయారు, మూడో సినిమాలో ఆమె సీన్లు మిగిలిన పాత ఫుటేజ్‌తో అల్లినవి. తల్లీకొడుకులు ఎదురుబదురు కూర్చుని మాట్లాడుకునే సీన్ లేకపోవడం నాకైతే వెలితే.

ప్రశ్న: మరి వాళ్ల తాత డార్త్ వేడర్ కూడా కొడుకు చేతిలో ఓడిపోయాకే మారాడు కదా, ఇద్దరిదీ ఒకటే కథ కాదా?

జవాబు: పైకి ఒకటే. 1983 నాటి రిటర్న్ ఆఫ్ ద జెడైలో వేడర్ చెయ్యి తెగి కిందపడ్డాడు నిజమే, కానీ అతన్ని మార్చింది ఆ దెబ్బ కాదు, గెలిచిన కొడుకు ల్యూక్ కత్తి పారేసి చంపను అనడం. ఆ తర్వాత చక్రవర్తి కొడుకుని మెరుపులతో కాలుస్తుంటే చూడలేక ఎత్తి పడేశాడు. వేడర్‌కి రక్షించడానికి కొడుకు ఎదురుగా ఉన్నాడు, మనవడికి నాన్న జ్ఞాపకమే ఉంది. మనవడి పని కష్టం.

ప్రశ్న: బెన్‌ని, అదే కైలో అసలు పేరు, బతికించి ఉంటే బాగుండేది కదా? మారిన ప్రతి విలన్‌నీ ఎందుకు చంపేస్తారు?

జవాబు: రాసేవాళ్లకి సులువు కాబట్టి. తన ప్రాణం రేకిచ్చి మాయమైపోతాడు, మనం కళ్లు తుడుచుకుంటాం, లెక్క అడిగేవాళ్లు ఉండరు. బతికుంటే మాత్రం మొదటి సినిమా మొదటి సీన్ గుర్తుచెయ్యాల్సి వస్తుంది, జక్కూ గ్రహంలో ఊరి జనాన్ని అందర్నీ చంపెయ్యమని ఆర్డర్ ఇచ్చింది అతనే. వాళ్ల తాలూకు మనిషి ఒకడు వచ్చి బెన్ సోలో ముందు నిలబడితే ఏం మాట్లాడతాడు? ఆ సీన్ రాసే ధైర్యం ఎవరికైనా ఉంటే నేను ఫస్ట్ డే ఫస్ట్ షోకి వెళ్తా.