ఆయన మందులు వేళకు వేస్తారు, మరి మీవి?

ప్రశ్న: నా వయసు 67. మావారికి పక్షవాతం వచ్చి ఆరేళ్లవుతోంది. కుడివైపు పడిపోయింది, మాట సరిగా రాదు. స్నానం, తిండి, డైపర్లు అన్నీ నేనే చూసుకోవాలి. రాత్రి రెండు మూడుసార్లు లేచి పక్క మార్చాలి. అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి డల్లాస్‌లో ఉంటారు. రోజూ ఫోన్ చేస్తారు. బాగానే ఉన్నామని చెబుతాను. నాకు మాత్రలు వేసుకున్నా బీపీ తగ్గడం లేదు, కొత్తగా షుగర్ కూడా వచ్చిందన్నారు. చెప్పు కరిచిన పుండు నెల దాటినా మానలేదు. నడుం నొప్పికి మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని వేసుకుంటున్నాను. డాక్టరుగారు ‘టెన్షన్ తగ్గించుకోండమ్మా’ అంటున్నారు. ఇదంతా వయసు వల్లా, టెన్షన్ వల్లా? ఒక్కోసారి ఆయన మీద కసురుకుంటాను. తర్వాత ఏడుపొస్తుంది.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ కాలి పుండు సంగతి. రేపే డాక్టరుకు చూపించండి. షుగర్ ఉన్నవాళ్లకు పాదంలో స్పర్శ తగ్గవచ్చు, లోపల చీము పట్టినా నొప్పి తెలియకపోవచ్చు. పసుపు అద్దడం, వేడినీళ్ల కాపడం వద్దు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకునే తిరగండి.

ఇక మీరడిగిన మాట. వయసు పాత్ర లేదనను. కానీ ఆరేళ్ల భారం పాత్ర కూడా తక్కువేం కాదు. ఆపద వచ్చిందనుకున్నప్పుడు మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, కాలేయం చక్కెరను రక్తంలోకి పంపుతుంది. ఆపద గంటలో తీరిపోతే ఇదంతా మనకు రక్షణే. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ సాగితే బీపీ పెరుగుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, ఎముకలు పలచబడతాయి, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. ముప్పై ఏళ్లప్పుడు ఒళ్లు త్వరగా తేరుకునేది, ఈ వయసులో అంత త్వరగా తేరుకోలేదు. పైగా మామూలుగా నిద్రలో బీపీ కొంత తగ్గి గుండెకు విశ్రాంతి దొరుకుతుంది. మీకు ఆ నిద్రే లేదు.

పుండు మానకపోవడంలోనూ దీని చెయ్యి ఉంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, మతిమరుపు జబ్బున్న తమవాళ్లను చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్ల చేతి మీద పరిశోధకులు చిన్న గాయం చేసి, ఎన్నాళ్లకు మానుతుందో చూశారు. అదే వయసులో ఉండి అలాంటి భారం లేనివాళ్లకంటే వీళ్లకు సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. 1995లో ఆ ఫలితాలు ప్రచురించారు. మీకైతే షుగర్ కూడా తోడైంది.

నడుం నొప్పి బిళ్లల పేర్లు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. నొప్పి మాత్రల్లో చాలావాటికి బీపీని పెంచే గుణం, మూత్రపిండాలను దెబ్బతీసే గుణం ఉన్నాయి. మీ బీపీ దిగకపోవడానికి అవి కూడా కారణం కావచ్చు. ఇంకో సంగతి అడగనివ్వండి. ఆయన మాత్రలు మీరు గడియారం చూసి వేస్తారు. మీ మాత్రలు వారంలో ఎన్నిసార్లు మరిచిపోతున్నారు? అది కూడా డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

టెన్షన్ తగ్గించుకోమన్న మాటకు నాకు బాధేసింది. ధ్యానం, ప్రాణాయామం మంచివే, చేయండి. కానీ రాత్రికి మూడుసార్లు లేచే మనిషికి అవి చాలవు. పని తగ్గాలి, నిద్ర పెరగాలి. అంటే పిల్లలకు నిజం చెప్పాలి. ఈ పేరా వాళ్లకు చదివి వినిపించండి: జీవిత భాగస్వామితో ఉంటున్న, 66 ఏళ్లు దాటినవాళ్లను అమెరికాలో నాలుగేళ్లు గమనించారు. 1999లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, భాగస్వామికి సేవ చేస్తూ ఆ భారానికి నలిగిపోతున్నవాళ్లలో, అలాంటి సేవ చేయాల్సిన అవసరం లేనివాళ్లకంటే మరణాల ముప్పు 63 శాతం ఎక్కువ. సేవ చేస్తున్నా నలిగిపోనివాళ్లలో అంత తేడా లేదు. మీ అమ్మ ప్రాణానికి ముప్పు తెస్తున్నది నాన్న సేవ కాదు, ఆ సేవంతా ఒక్కరి మీదే పడటం.

ఇద్దరినీ ఒకేసారి వీడియో కాల్‌లోకి పిలవండి. మీ బీపీ, షుగర్ రీడింగులు చెప్పండి, పుండు చూపించండి. ‘నాకు కష్టంగా ఉంది’ అని ఊరుకోకుండా ఏం కావాలో పేరు పెట్టి అడగండి. వారానికి కనీసం నాలుగు రాత్రులు కేర్‌టేకర్ కావాలి, ఆ ఖర్చు ఇద్దరూ పంచుకోవాలి. అబ్బాయి నెలకు ఒక శని, ఆదివారాలు వచ్చి నాన్నను చూసుకోవాలి. ఆ రెండు రోజులు మీకు సెలవు. మంచం మీద ఎయిర్ బెడ్ వేయిస్తే పడక పుండ్ల భయం కొంత తగ్గుతుంది. అయినా పక్క మార్చడం మానకూడదు, కాకపోతే ఆ పని ఇంకొకరు చేస్తారు. నడుం పట్టకుండా ఆయన్ని లేపడం ఎలాగో ఫిజియోథెరపిస్టు మీకు నేర్పుతారు. కొత్త మనిషి చేత చేయించుకోవడానికి ఆయన మొదట్లో ఒప్పుకోకపోవచ్చు. మొదటి వారం మీరు పక్కనే ఉండండి.

‘నువ్వు కాబట్టి చేస్తున్నావమ్మా’ అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటూ ఉంటారు. ఆ మెప్పు కోసం నోరు నొక్కుకోకండి.

కసురుకున్నందుకు కుమిలిపోవద్దు. ఆరేళ్లుగా నిద్ర లేని మనిషికి కోపం రావడం సహజం. పక్షవాతంలో మాట పోయినా చాలామందికి ఎదుటివాళ్ల మాట ఎంతోకొంత అర్థమవుతుంది. చేయి పట్టుకుని, ‘అలసిపోయి అలా అన్నానండీ’ అని చెప్పండి. ఏడుపు రోజూ వస్తూ, తిండి మీద, మనుషుల మీద ఆసక్తి రెండు వారాలకు పైగా లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మందులున్నాయి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. పెద్దవాళ్ల ఇతర సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

చివరగా, ఛాతీలో బిగుతు, ఆయాసం, దవడ నొప్పి, చల్లచెమటలు వస్తే గ్యాసని సోడా తాగి పడుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ క్షణంలో ‘ఈయన్ని వదిలి ఎలా వెళ్లను’ అని మీరు ఆగిపోతారని నాకు తెలుసు. అందుకే ఇవాళే ఇంటి తాళంచెవి ఒకటి పక్కింటివాళ్లకు ఇచ్చి ఉంచండి. ఆయన మందులు, వేళలు, పిల్లల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి మంచం దగ్గర గోడకు అంటించండి.